మూత్రాశయంలో అరుదైన క్యాన్సర్: ముక్క తీసే దగ్గర్నుంచి జన్యు రిపోర్టు చదివే దాకా

మూత్రాశయ క్యాన్సర్లలో పదికి తొమ్మిది యూరోథీలియల్ కార్సినోమాలే, అంటే మూత్రాశయం లోపలి పొరలో పుట్టేవే. మిగతా ఆ ఒక్కటిలోనే స్క్వామస్, అడెనో, స్మాల్ సెల్, పారాగాంగ్లియోమా, సార్కోమా అన్నీ సర్దుకోవాలి. ఇవి కాక, పేరుకు యూరోథీలియల్ అయినా తీరు వేరుగా ఉండే ఉపరకాలున్నాయి: మైక్రోపాపిల్లరీ, ప్లాస్మసైటాయిడ్, నెస్టెడ్, సార్కోమటాయిడ్ వగైరా. 2022 నాటి డబ్ల్యూహెచ్‌వో వర్గీకరణ నుంచి వీటిని ‘వేరియంట్’ అనడం మానేసి ‘సబ్‌టైప్’ అంటున్నారు, వేరియంట్ అన్న మాటను జన్యు మార్పులకు వదిలేశారు. పాత రిపోర్టులో వేరియంట్ అని కనిపిస్తే కంగారు పడొద్దు, విషయం అదే.

ఇది శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు వైపు నుంచి విశాఖకు కేసులు పంపే డాక్టర్ల కోసం, ఇక్కడ యూరాలజీ, పాథాలజీ చదివే పీజీల కోసం. బ్లాకులు, అంటే కోసిన ముక్కను మైనంలో పెట్టి చేసిన దిమ్మలు, చేత్తో పట్టుకుని ల్యాబుల చుట్టూ తిరిగే బంధువులకూ సగం పనికొస్తుంది. అరుదైన రకం చేజారిపోయిన చోట మిషన్ లేకపోవడం కారణమయ్యేది తక్కువ. ముక్క పాడైపోవడం, ఫారం మీద నాలుగు మాటలు రాయకపోవడం, ఏం తెలుసుకోవాలో అనుకోకుండానే జన్యు పరీక్షకు పంపేయడం, ఈ మూడే ఎక్కువ.

స్కోపు పెట్టకముందు అడగాల్సినవి

మన వైపు ఒంటేలు ఎర్రగా పడితే ముందు వచ్చే మాట ‘వేడి చేసింది’. బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, ఆపైన మందుల షాపులో ఐదు రోజుల యాంటీబయాటిక్. రక్తం దానంతటదే ఆగిపోతుంది, అందరూ మర్చిపోతారు. క్యాన్సర్ రక్తం కూడా అలాగే వచ్చి ఆగుతుంది. నొప్పి లేకుండా ఒక్కసారి కంటికి కనిపించేలా రక్తం పడినా, నలభై దాటిన మనిషికి స్కోపు, అంటే గొట్టం కెమెరాతో మూత్రాశయం లోపల చూడటం, తప్పదు. యూరిన్ కల్చర్‌లో ఏమీ పెరగకపోతే ఇన్‌ఫెక్షన్ అన్న మాట అక్కడితో ఆపేయాలి.

పొగ గురించి ఆడవాళ్లనూ అడగండి. ఉత్తరాంధ్ర పల్లెల్లో పెద్ద వయసు ఆడవాళ్లలో అడ్డపొగ, అంటే నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అలవాటు, ఇంకా ఉంది. ‘సిగరెట్ తాగుతారా’ అంటే లేదనే చెబుతారు, అది నిజమే కూడా. ‘చుట్ట కాలుస్తావా అమ్మా’ అనాలి.

ఆ తర్వాత అరుదైన రకాల కోసం ప్రత్యేకంగా అడగాల్సినవి ఉన్నాయి. మూత్రంలో జిగురులాంటిది పడుతోందా? పడితే యురేకల్ అడెనోకార్సినోమా (బొడ్డుకూ మూత్రాశయానికీ మధ్య పిండదశలో ఉండే గొట్టపు అవశేషంలో పుట్టేది) మనసులో పెట్టుకోవాలి. ఏళ్ల తరబడి కెథీటర్ గానీ, రాళ్లు గానీ, వెన్ను దెబ్బతిని కాళ్లు పడిపోవడం గానీ ఉందా? అయితే స్క్వామస్. ఈజిప్టు పాఠ్యపుస్తకాల్లో స్క్వామస్‌కు షిస్టోసోమా అనే పురుగు కారణం అని చదువుతాం, మన దగ్గర కారణం ఎక్కువగా ఈ ఎడతెగని ఒరిపిడే. పెద్దపేగు, రొమ్ము, పొట్ట, గర్భాశయ ముఖద్వారం, ప్రోస్టేట్, వీటిలో ఎప్పుడైనా క్యాన్సర్ వచ్చిందా? ఇంట్లో యాభై లోపు ఎవరికైనా పెద్దపేగు, గర్భసంచి క్యాన్సర్ వచ్చిందా?

చివరి ప్రశ్న అడగకపోతే ప్రాణం మీదకు వస్తుంది. ఒంటేలుకి వెళ్లగానే తలపోటు, గుండె దడ, చెమటలు వస్తున్నాయా? వస్తే అది పారాగాంగ్లియోమా కావచ్చు. ఈ గడ్డ అడ్రినలిన్ జాతి హార్మోన్లను వదులుతుంది, మూత్రాశయం ముడుచుకున్నప్పుడు పిండినట్టై అవి రక్తంలోకి వెళ్తాయి. తెలియక లూప్ (కరెంటుతో కోసే తీగ) పెట్టి కోస్తే టేబుల్ మీదే బీపీ ఒక్కసారిగా పైకి ఎగబాకుతుంది. అనుమానం ఉంటే ముందు ప్లాస్మా ఫ్రీ మెటానెఫ్రిన్లు (రక్తంలో ఆ హార్మోన్లు విరిగితే వచ్చేవి) చూడాలి, రోగి ఇరవై ముప్పై నిమిషాలు వెల్లకిలా పడుకున్నాకే రక్తం తీయాలి. హడావుడిగా కూర్చోబెట్టి తీస్తే లేని గడ్డ ఉన్నట్టు చూపిస్తుంది. ఎమిట్రిప్టిలిన్ లాంటి మందులూ అదే పని చేస్తాయి. అది కుదరకపోతే 24 గంటల మూత్రంలో చూడొచ్చు. పాజిటివ్ అయితే ఆల్ఫా బ్లాకర్ ఒకటి రెండు వారాలు ఇచ్చి, బీపీ కుదురుకున్నాకే చెయ్యి పెట్టాలి. బీటా బ్లాకర్ ముందు మొదలుపెట్టకూడదు, ఆల్ఫా పని చేశాకే. మత్తు డాక్టరుకు ఈ సంగతి ముందురోజే తెలియాలి.

సీటీ యూరోగ్రామ్ గానీ ఎంఆర్‌ఐ గానీ గడ్డ కోయకముందే తీయించండి. కోశాక వచ్చే వాపు, గోడ దాటిన క్యాన్సర్‌లా కనిపించి స్టేజీ తప్పు చెప్పిస్తుంది. ఎంఆర్‌ఐని వై-రాడ్స్ పద్ధతిలో 1 నుంచి 5 దాకా చదువుతారు, అంకె పెరిగే కొద్దీ కండరంలోకి దిగి ఉండే అవకాశం పెరుగుతుంది. ఉద్దానం వైపు నుంచి వచ్చే వారికి సీటీ కాంట్రాస్ట్ ఎక్కించే ముందు క్రియాటినిన్ చూడటం మర్చిపోవద్దు. ఆ ఊళ్లలో కిడ్నీ జబ్బు చడీచప్పుడు లేకుండా ఉంటుంది. రేపు సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఇవ్వగలమా లేదా అన్నది కూడా ఆ అంకె మీదే ఆధారపడుతుంది. ఫిల్ములో గడ్డ సరిగ్గా మూత్రాశయం పైకప్పు మీద, బొడ్డు వైపు నడి గీతలో ఉండి, లోపల సున్నపు చుక్కలుంటే యురేకల్ అన్న అనుమానం గట్టిపడినట్టే.

మూత్ర సైటాలజీకి (మూత్రంలో రాలిన కణాలను మైక్రోస్కోపులో చూడటానికి) పొద్దున్నే పట్టిన తొలి మూత్రం పనికిరాదు. రాత్రంతా నానిన కణాలు చెదిరిపోయి ఉంటాయి. రెండోసారి వెళ్లినప్పటిది, కనీసం 50 మి.లీ. పట్టాలి. గంటలో ల్యాబుకు చేరకపోతే సమానంగా 50 శాతం ఆల్కహాల్ కలిపి పంపాలి.

ముక్క, డబ్బా, ఫార్మలిన్

గడ్డను కోసిన ముక్కలు ఒక డబ్బాలో, దాని అడుగున ఉన్న కండరం ముక్క వేరే డబ్బాలో వేయాలి. రెండూ కలిపేస్తే, కండరంలోకి దిగిందా లేదా అన్నది పాథాలజిస్టు ఊహించాల్సి వస్తుంది. కండరమే దొరకని బయాప్సీ హై గ్రేడ్ క్యాన్సర్‌లో సగం రిపోర్టే, రెండు నుంచి ఆరు వారాల్లో మళ్లీ కోయాల్సిందే. లూప్ పెట్టేముందు కోల్డ్ కప్‌తో (కరెంటు వాడని చిమ్టాతో) ఒకటి రెండు ముక్కలు తీసి ఉంచుకోవడం మంచి అలవాటు. కరెంటుకు కాలిన అంచుల్లో కణాలు సాగి, నల్లబడి, చిన్నవైపోతాయి. కాలిన యూరోథీలియల్ కణం అచ్చం స్మాల్ సెల్‌లా కనిపిస్తుంది, నిజం స్మాల్ సెల్ కాలిన ముక్కలో కనిపించకుండా పోతుంది. రెండు వైపులా పొరపాటే.

ఇంజెక్షన్ సీసాల్లో ముక్కలు కుక్కి పంపడం ఇంకా జరుగుతోంది. ఫార్మలిన్‌లో గట్టిపడ్డ ముక్క సన్నని మూతిలోంచి బయటికి రాదు, లాగితే చితికిపోతుంది. వెడల్పు మూతి డబ్బా వాడండి. ముక్కకు పది రెట్లు ఫార్మలిన్ ఉండాలి, తీసిన గంట లోపే అందులో పడాలి. సెలైన్‌లో వేసి ‘రేపు పంపుదాం’ అనుకుంటే ఆ ముక్క జన్యు పరీక్షకు పోయినట్టే.

బజారులో దొరికే ఫార్మలిన్‌కు కుళాయి నీళ్లు కలిపితే అది ఆమ్లం పెరగకుండా ఆపే బఫర్డ్ ఫార్మలిన్ అయిపోదు. కొన్నాళ్లు నిలవుంటే అందులో ఫార్మిక్ ఆమ్లం పుట్టి డీఎన్‌ఏను తుంచేస్తుంది. లీటరుకు లెక్క ఇది: ఫార్మలిన్ 100 మి.లీ., డిస్టిల్డ్ వాటర్ 900 మి.లీ., సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ మోనోహైడ్రేట్ 4 గ్రాములు, నీరు లేని డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. పెద్ద ఖర్చేమీ కాదు.

నానాల్సిన సమయం కనీసం 6 గంటలు, మించితే 72. శుక్రవారం సాయంత్రం ఐదింటికి ఆపరేషన్ అయిందనుకోండి. సోమవారం సాయంత్రం ఐదింటికి 72 గంటలు నిండుతాయి. ఆ సోమవారం సెలవైతే, సంక్రాంతికైతే మరీ, ముక్క ఐదో రోజు దాకా నానుతూనే ఉంటుంది. మైక్రోస్కోపు కింద తేడా పెద్దగా కనిపించదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. డీఎన్‌ఏ మాత్రం ముక్కలు ముక్కలై, సీ అక్షరాలు టీలుగా చదవబడి, లేని మ్యుటేషన్లు రిపోర్టులో మొలుస్తాయి. ఎముకకు పాకిన కేసులో అక్కడి నుంచి ముక్క తీస్తే, సున్నం కరిగించడానికి ఆమ్లం వాడొద్దని ల్యాబుకు ముందే చెప్పి ఈడీటీఏ వాడించండి.

ఇక ఫారం. ‘మూత్రాశయ గడ్డ, రిపోర్టు ఇవ్వగలరు’ అని రాస్తే మనం అడిగినదానికి తగ్గ జవాబే వస్తుంది. ఇలా రాయండి: ‘58 ఏళ్ల మగ. రెండు నెలలుగా నొప్పి లేని రక్తం. చుట్ట 30 ఏళ్లు. సీటీలో పైకప్పు మీద 4 సెం.మీ. గడ్డ, లోపల సున్నపు చుక్కలు. కెథీటర్ లేదు. గతంలో ఏ క్యాన్సరూ లేదు. కొలనోస్కోపీ కాలేదు. డబ్బా 1: గడ్డ. డబ్బా 2: అడుగు కండరం. ఫార్మలిన్‌లో వేసింది 11.20కి.’ రాయడానికి రెండు నిమిషాలు పడుతుంది.

మైక్రోస్కోపు కింద ఎక్కడ తడబడతాం

ప్లాస్మసైటాయిడ్‌తో మొదలుపెడదాం, అందరినీ ఎక్కువగా మోసం చేసేది ఇదే. కణాలు విడివిడిగా, ఒక్కోటి, ప్లాస్మా కణాల్లా ఉంటాయి. సీడీ138 స్టెయిన్ (కణంలోని ఒక ప్రొటీన్‌ను పట్టి చూపే రంగు) వేస్తే పాజిటివ్. అక్కడితో ఆగితే మైలోమా (ప్లాస్మా కణాల క్యాన్సర్) అని రాసేస్తాం. యూరోథీలియల్ కణాలకూ సీడీ138 పడుతుంది, అందుకే సైటోకెరాటిన్, గాటా3 కలిపి వేయాలి, అవి కూడా పాజిటివ్ అయితే ఇది క్యాన్సర్. కణాలు ఇలా చెల్లాచెదురు కావడానికి కారణం సీడీహెచ్1 జన్యువు దెబ్బతినడం. కణాన్ని కణంతో అతికించే ఈ-కాథెరిన్ అక్కడ తయారు కాదు. అందుకే ఇది గడ్డ కట్టకుండా పొరల వెంట, పెరిటోనియం వెంట పాకుతుంది. స్కోపులో మామూలు వాపులా కనిపిస్తుంది, రక్తం కూడా ఆలస్యంగా పడొచ్చు. ఆపరేషన్ చేసేవారు యురేటర్ (కిడ్నీ నుంచి మూత్రాన్ని తెచ్చే గొట్టం) అంచులను ప్రత్యేకంగా చూసుకోవాలి.

ఇంకో రెండు చిక్కులున్నాయి. పొట్ట నుంచి వచ్చిన సిగ్నెట్ రింగ్ క్యాన్సర్, రొమ్ములో లోబ్యులర్ క్యాన్సర్ కూడా ఇలాగే ఉంటాయి, రొమ్ముకూ గాటా3 పడుతుంది. ఆడవారైతే రొమ్ము పరీక్ష, ఎవరికైనా ఎండోస్కోపీ చేయకుండా ‘మూత్రాశయంలోనే పుట్టింది’ అని సంతకం పెట్టకూడదు. రిపోర్టులో సీడీహెచ్1 కనిపించగానే ‘ఇది పిల్లలకూ వస్తుందా’ అని ఇంట్లో వాళ్లు భయపడతారు. వంశంలో వచ్చే సీడీహెచ్1 మార్పు పొట్ట క్యాన్సర్‌కు దారి తీసేది. ప్లాస్మసైటాయిడ్‌లో కనిపించేది సాధారణంగా ఆ గడ్డలోనే పుట్టింది. అది వివరంగా చెప్పండి.

స్మాల్ సెల్‌కు సినాప్టోఫిసిన్, క్రోమోగ్రానిన్, సీడీ56, దొరికితే ఐఎన్ఎస్ఎం1. టీటీఎఫ్1 పాజిటివ్ వచ్చింది కాబట్టి ఊపిరితిత్తుల నుంచి వచ్చిందనడం తప్పు, మూత్రాశయం స్మాల్ సెల్‌లోనూ అది పడుతుంది. జన్యువుల్లో టీపీ53, ఆర్బీ1 రెండూ దెబ్బతిని ఉంటాయి, కానీ ఊపిరితిత్తి స్మాల్ సెల్‌లోనూ అంతే కాబట్టి దాంతో ఊరు, అంటే ఎక్కడ పుట్టిందన్నది, తేలదు. ఊరు తేల్చేది టెర్ట్ ప్రమోటర్ (టెర్ట్ జన్యువును నడిపే స్విచ్ లాంటి భాగం) మార్పు. మూత్రాశయంలో పుట్టిన వాటిలో ఎక్కువ భాగానికి అది ఉంటుంది, ఊపిరితిత్తి, ప్రోస్టేట్ స్మాల్ సెల్‌లో సాధారణంగా ఉండదు. అలాగని జన్యు రిపోర్టు కోసం కూర్చోవద్దు. స్మాల్ సెల్ అని తేలిన రోజే పాథాలజిస్టు ఫోన్ చేయాలి, ఎందుకంటే ఇక్కడ కత్తి కంటే ముందు కీమో, ప్లాటినం, ఎటోపోసైడ్. మూడు వారాల ఆలస్యం ఈ జబ్బులో చాలా పెద్దది.

పారాగాంగ్లియోమా ఎలాంటి లక్షణమూ చూపకుండా నేరుగా స్లైడు మీదికి వస్తే, చూడ్డానికి యూరోథీలియల్ గూళ్లలాగే ఉంటుంది. గాటా3 దీనికీ పడుతుంది! కెరాటిన్ మాత్రం పడదు, క్రోమోగ్రానిన్ పడుతుంది, గూళ్ల చుట్టూ ఎస్100 కణాలు కనిపిస్తాయి. తేలాక ఎస్‌డీహెచ్‌బీ స్టెయిన్ వేయండి. ఆ ప్రొటీన్ పోయి ఉంటే వంశపారంపర్యంగా వచ్చి ఉండొచ్చు, రక్త పరీక్ష, జెనెటిక్ కౌన్సెలింగ్ అవసరం.

అడెనోకార్సినోమా అని ఉంటే పెద్దపేగు నుంచి పాకిందేమో ముందు చూడాలి. బీటా కెటెనిన్ కేంద్రకంలో ఉంటే పేగు వైపు, పొర మీద ఉంటే మూత్రాశయం వైపు మొగ్గు. మొగ్గే, తీర్పు కాదు. కొలనోస్కోపీ చేయాల్సిందే. నెస్టెడ్ రకం అమాయకంగా, మామూలు మూత్రాశయంలోనూ ఉండే వాన్ బ్రున్ గూళ్లలా ఉంటుంది. లోతుగా కండరంలోకి దిగిందా చూడాలి, తేలకపోతే టెర్ట్ సాయపడుతుంది. మైక్రోపాపిల్లరీ కనిపిస్తే హెర్2 స్టెయిన్ అడగండి. కదురు ఆకారపు కణాలు వయసు తక్కువ వారిలో కనిపిస్తే సార్కోమటాయిడ్ అనేముందు ఆల్క్ వేయాలి, అది ఇన్‌ఫ్లమేటరీ మయోఫైబ్రోబ్లాస్టిక్ గడ్డ కావచ్చు, దానికి మూత్రాశయం మొత్తం తీసేయాల్సిన పని సాధారణంగా ఉండదు. స్క్వామస్ అని రాయాలంటే ఎక్కడా యూరోథీలియల్ ఛాయ ఉండకూడదు, పక్కన పొరలో ఉన్నా సరే అది మిశ్రమమే.

జన్యు పరీక్షకు ఏ బ్లాకు, ఏ ప్రశ్న

ఒక గడ్డ నుంచి ఎనిమిది పది బ్లాకులు వస్తాయి. అరుదైన రకాలు చాలాసార్లు మామూలు యూరోథీలియల్‌తో కలిసే ఉంటాయి. మూడో బ్లాకులో స్మాల్ సెల్ ఉండి, ల్యాబ్ అబ్బాయి చేతికొచ్చిన ఒకటో బ్లాకు పంపితే, వచ్చే రిపోర్టు వేరే జబ్బుది. పాథాలజిస్టే స్లైడు చూసి, బ్లాకు నంబరు రాసి, క్యాన్సర్ ఉన్న చోటు పెన్నుతో గుండ్రం చుట్టి ఇవ్వాలి. అక్కడ క్యాన్సర్ కణాలు కనీసం 20 శాతం ఉండాలి. రంగు వేయని పది కోతలు, 4 నుంచి 5 మైక్రాన్ల మందం, చాలా ప్యానెళ్లకు (ఎంచిన జన్యువులను ఒకేసారి చదివే పరీక్షలకు) సరిపోతాయి.

పరీక్ష ఎంచుకునేటప్పుడు రెండు సంగతులు అడిగి రాయించుకోండి. ఒకటి, టెర్ట్ ప్రమోటర్ చూస్తారా? ఎక్సోమ్ పరీక్షలో అది సాధారణంగా రాదు, ఎందుకంటే ఆ మార్పులు ప్రొటీన్ రాసే భాగంలో ఉండవు. సీ228టీ, సీ250టీ అనే ఆ రెండు చోట్లు జీ, సీ అక్షరాలు దట్టంగా ఉన్న ప్రాంతంలో ఉన్నాయి, ప్యానెల్లో పేరున్నా చదువు సరిగా రాకపోవచ్చు. ‘అక్కడ డెప్త్ ఎంత’, అంటే ఆ చోటును ఎన్నిసార్లు చదివారు, అని అడగండి. రెండు, ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 ఫ్యూజన్లను (ఆ జన్యువు వేరే జన్యువుతో అతుక్కోవడాన్ని) ఆర్‌ఎన్‌ఏతో చూస్తారా? డీఎన్‌ఏ మాత్రమే చదివితే ఎస్249సీ లాంటి అక్షర మార్పులు దొరుకుతాయి, టీఏసీసీ3తో కలిసిన ఫ్యూజన్ జారిపోవచ్చు. ఎర్డాఫిటినిబ్ అనే మందుకు దారి తెరిచేవి ఇవే, 2024 జనవరి నుంచి అమెరికా ఎఫ్‌డీఏ ఆ మందును ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 మార్పులకే పరిమితం చేసింది. మందు రోగికి అందుతుందా, ఖర్చు ఎవరు భరిస్తారు అన్నది పరీక్షకు డబ్బు కట్టకముందే మాట్లాడుకోవాలి. కొన్నిసార్లు వేల రూపాయల ప్యానెల్ కంటే ముందు హెర్2 స్టెయిన్, ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 నాలుగు స్టెయిన్లు (డీఎన్‌ఏ తప్పులు దిద్దే ప్రొటీన్లవి) వేయించడమే తెలివైన పని.

రిపోర్టు వచ్చాక మొదట మ్యుటేషన్ పేరు చూడొద్దు, వేరియంట్ శాతం (చదివిన ప్రతుల్లో మార్పు ఉన్నవి నూటికి ఎన్ని) చూడండి. ఒక లెక్క వేద్దాం. పాథాలజిస్టు క్యాన్సర్ కణాలు 40 శాతం అన్నాడు. ప్రతి కణంలో జన్యువు రెండు ప్రతులు, ఒకటి చెడింది. అంటే వేరియంట్ శాతం 20 దగ్గర ఉండాలి. ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 ఎస్249సీ 19 శాతం అని ఉంటే లెక్క సరిపోయింది. టీపీ53 38 శాతం ఉంటే, మంచి ప్రతి పోయి దాని చోట చెడ్డదే రెండైంది అనుకోవచ్చు. ఎంఎస్‌హెచ్2 51 శాతం ఉంటే ఆగాలి: 40 శాతం కణాలతో అంత రాదు, మామూలు కణాల్లోనూ ఉండాలి. అంటే పుట్టుకతో వచ్చిందేమో, లించ్ సిండ్రోమ్ (పెద్దపేగు, గర్భసంచి క్యాన్సర్లు వంశంలో వచ్చే జబ్బు) కావచ్చు. రక్తం తీసి వేరే పరీక్ష చేయాలి, తేలితే అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ చెప్పాలి. 3 శాతం, 4 శాతంతో సీ-టీ మార్పులు డజన్ల కొద్దీ ఉంటే అవి ఆ ఐదు రోజుల ఫార్మలిన్ చలవే.

‘అర్థం తేలని వేరియంట్’ అని రాసినవాటి మీద మందు మొదలుపెట్టకూడదు, రోగికి వాటి జాబితా చదివి వినిపించనూ కూడదు.

ముక్క చాలకపోతే రక్తంలో తేలే క్యాన్సర్ డీఎన్‌ఏ చూడొచ్చు. దానికి కణాలు పగలకుండా ఆపే ప్రత్యేక ట్యూబుల్లో 10 మి.లీ. చొప్పున రెండు తీస్తారు. ఫ్రిజ్‌లో పెట్టొద్దు. పాజిటివ్ వస్తే చాలావరకు నమ్మొచ్చు, నెగటివ్ వస్తే ఏమీ తేలనట్టే.

బ్లాకులు ఊరు దాటేటప్పుడు

హైదరాబాద్, బెంగళూరు, గురుగ్రామ్‌లకు కొరియర్ చేసేటప్పుడు మే నెలలో జాగ్రత్త. పారఫిన్ 56 నుంచి 60 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఎండలో నిలిపిన వ్యాన్ లోపల బ్లాకు మెత్తబడి అతుక్కుపోవడానికి అంత కూడా అక్కర్లేదు. థర్మాకోల్ పెట్టె, లోపల జెల్ ప్యాక్, బ్లాకులు విడివిడిగా జిప్ కవర్లలో, స్లైడ్లు ప్లాస్టిక్ మెయిలర్‌లో. ఐసు ముక్కలు వద్దు, నీళ్లు కారి లేబుళ్లు చెరిగిపోతాయి.

అన్ని బ్లాకులూ ఒక్కసారి పంపొద్దు. క్యాన్సర్ బాగా ఉన్న రెండో బ్లాకు ఇక్కడే ఉంచుకోండి, కొరియర్ పోయినా కేసు పోదు. రెండో అభిప్రాయం కావాలంటే హైదరాబాదో ముంబయో పరుగెత్తే ముందు అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిని, కేజీహెచ్‌ని అడగండి. తీసుకెళ్లాల్సినవి: స్లైడ్లు, బ్లాకులు, పాత రిపోర్టు, సీటీ లేదా ఎంఆర్‌ఐ సీడీ, ఆపరేషన్ నోటు. ఆపరేషన్ నోటు చాలామంది వదిలేస్తారు, గడ్డ పైకప్పు మీద ఉందా, మెడ దగ్గర ఉందా అన్నది అందులోనే ఉంటుంది.

బ్లాకు ఇచ్చేటప్పుడు నంబరు, తేదీ, తీసుకున్నవారి సంతకం రిజిస్టర్లో రాయించండి, పని అయ్యాక తిరిగి తెప్పించుకోండి. ఇంటికి తెచ్చుకున్నవారు దాన్ని వంటగది అలమారలోనో టీవీ వెనకాలో కాకుండా చల్లని, పొడి చోట పెట్టాలి. ఏడాది తర్వాత జబ్బు తిరగబెడితే డాక్టరు మొదట అడిగేది ఆ బ్లాకునే.